తుడిచినా పోని గీత

గోడకి బిగించిన దళసరి కాగితం ఒకటి. వేలితో తడిమితే సన్నటి గరుకు తగులుతుంది. పక్కన బల్ల మీద నాలుగైదు బొగ్గు కడ్డీలు, ఒక పాత గుడ్డ, ఒక రబ్బరు. గదికి ఆ చివర, కదలకుండా బిగించిన స్టాండు మీద ఫిల్ము కెమెరా. 1989లో దక్షిణాఫ్రికా చిత్రకారుడు విలియం కెంట్రిడ్జ్ తన మొదటి బొగ్గు బొమ్మల సినిమాకి పెట్టుకున్న సరంజామా ఇంచుమించు ఇంతే. ఆ తరవాత ఆయన ఒపేరాలకి దర్శకత్వం వహించాడు, నీడల ఊరేగింపులు నడిపించాడు, శిల్పాలు పోయించాడు, గోడంత తివాచీలు నేయించాడు, రోములో నదీతీరం గోడనే కాగితం చేసుకున్నాడు. మల్టీమీడియా కళాకారుడు అనగానే మనకి కంప్యూటర్లూ వైర్లూ తెరలూ గుర్తొస్తాయి. ఈయన విషయంలో మాత్రం కథంతా ఆ కాగితానికీ కెమెరాకీ మధ్య ఉన్న ఖాళీ నేల మీద మొదలైంది.

ముందు బొగ్గు సంగతి. ఇది గనుల్లోంచి తవ్వే రాక్షసి బొగ్గు కాదు. సన్నటి కొమ్మల్ని గాలి ఆడకుండా కాల్చి తీసే కట్టెబొగ్గు. చిత్రకారులు వాడే కడ్డీలు ఎక్కువగా విల్లో చెట్టు రెమ్మలవి. సిరా కాగితంలోకి ఇంకుతుంది. నూనె రంగు ఆరి పొరకడుతుంది. బొగ్గు ఈ రెండూ చెయ్యదు. కాగితం గరుకులో పొడిగా చిక్కుకుని కూర్చుంటుంది, అంతే. గట్టిగా ఊదితే కొంత లేస్తుంది, గుడ్డతో విదిలిస్తే చాలా మట్టుకు రాలుతుంది, రబ్బరుతో రుద్దితే ఇంకొంత పోతుంది. పూర్తిగా మాత్రం పోదు. గరుకు లోతుల్లోకి దూరిన పొడి అక్కడే ఉండిపోయి బూడిద రంగు మరకగా కనిపిస్తుంది.

పలక మీద అక్షరాలు దిద్దినవాళ్ళకి ఇది కొత్త కాదు. ఎంత తుడిచినా పోని నిన్నటి ‘అ’ మీదే ఇవాళ్టి ‘ఆ’ దిద్దేవాళ్ళం. పలక మరీ తెల్లబడిపోతే ఇంట్లో ఎవరో ఒకరు దొండాకూ బొగ్గూ కలిపి రుద్ది మళ్ళీ నల్లగా చేసిచ్చేవాళ్ళు. మనం వదిలించుకోవాలని అవస్థపడ్డ ఆ మరకనే కెంట్రిడ్జ్ తన ముఖ్యమైన పనిముట్టు చేసుకున్నాడు.

అదెలాగో తెలియాలంటే పాత కార్టూను సినిమాలు ఎలా తీసేవాళ్ళో ఒకసారి చూడాలి. అక్కడ ప్రతి కదలికకీ ఒక కొత్త బొమ్మ. వెనక చెట్టూ ఇల్లూ ఒక కాగితం మీద స్థిరంగా ఉంటాయి. మనిషిని మాత్రం పారదర్శకమైన షీట్ల మీద వేరువేరుగా వేసి, ఒకదాని తరవాత ఒకటి మార్చి ఫొటో తీస్తారు. వేల షీట్లు, పదుల చేతులు. ఎవరు గీసినా గీత ఒకేలా ఉండాలి. ముందు షీటు ఆనవాలు తరవాతి షీటులో కనిపించకూడదు.

కెంట్రిడ్జ్ దీన్ని తలకిందులు చేశాడు. సన్నివేశానికి ఒకటే కాగితం. చెయ్యి కిందికి దించి నిలబడ్డ మనిషిని గీస్తాడు. నడిచి కెమెరా దగ్గరికి వెళ్ళి ఒకటో రెండో ఫ్రేములు తీస్తాడు. వెనక్కి వచ్చి, ఆ చెయ్యి మాత్రం తుడిచి, వెంట్రుకవాసి పైకి మళ్ళీ గీస్తాడు. మళ్ళీ కెమెరా దగ్గరికి. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు. మార్పుకి రెండు ఫ్రేముల చొప్పున వేసుకున్నా, తెర మీద ఒక్క సెకను పాటు చెయ్యి లేవడానికి 12 సార్లు తుడవాలి, 12 సార్లు గీయాలి, 12 సార్లు గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడవాలి. ఎనిమిది నిమిషాల సినిమాకి 11,520 ఫ్రేములు. అంతా నిశ్చలంగా ఉండే క్షణాలు కొన్ని ఉంటాయి గనక శ్రమ కాస్త తగ్గుతుందనుకున్నా, ఒక్కో సినిమాకి నెలలు పడుతుంది. అంత పనీ అయ్యాక చేతిలో మిగిలేవి వేల బొమ్మలు కావు, కొన్ని పదుల కాగితాలు. ఒక్కో కాగితం తన సన్నివేశపు ఆఖరి ఫ్రేము. దాని కింద, పక్కన, లోపల, అంతకు ముందు జరిగినదంతా మసకగా ఉంటుంది. పైకి లేచిన చేతి కింద అది లేచిన దారి మొత్తం విసనకర్రలా పరుచుకుని కనిపిస్తుంది.

ఈ పద్ధతిలో వెనక్కి వెళ్ళే దారి లేదు. పన్నెండో అడుగులో పొరపాటు జరిగిందని ఆరో అడుగుకి వెళ్ళలేరు. ఆరోది తుడిచేశారు, అది ఇప్పుడు ఫిల్ము మీద తప్ప ఎక్కడా లేదు. తప్పిన గీతని సవరించుకుంటూ ముందుకే పోవాలి. తెల్లటివి చూపించడానికి కూడా ఆయన తెల్లరంగు కోసం పెద్దగా వెతుక్కోడు. కాగితం మీద బొగ్గు నల్లగా పులిమి, అందులో రబ్బరుతో గీస్తాడు. రాత్రి రోడ్డు మీద హెడ్‌లైట్ల వెలుతురు అలా పుడుతుంది. రంగులు చాలా పొదుపు. నీళ్ళకి నీలం పాస్టెల్. లెక్కలకీ కొలతలకీ గాయాలకీ ఎరుపు. నలుపు తెలుపుల మధ్య నాలుగైదు నిమిషాలు గడిపాక ఒక పళ్ళెంలోంచి నీలం నీళ్ళు పొంగితే గొంతు తడిసినట్టుంటుంది.

ఒక ఆదివారం నేనూ ప్రయత్నించాను. గోడకి డ్రాయింగు షీటు అంటించి, స్టూలు మీద పుస్తకాల దొంతరకి ఫోను ఆనించి, టీ కప్పు లోంచి ఆవిరి లేచేలా చేద్దామనుకున్నాను. గంటన్నరకి మూడు సెకన్ల సినిమా వచ్చింది. ఆవిరి ఆవిరిలా లేదు, కానీ తుడిచిన ప్రతిసారీ మిగిలిన మసక తనంతట తనే పొగమంచులా పైకి పాకింది. నేను గీసినదాని కంటే నేను తుడవలేకపోయినదే బాగుంది. నడుంనొప్పి సంగతి వేరే చెప్పక్కర్లేదు.

కెంట్రిడ్జ్ ఈ సినిమాలకి ముందుగా స్క్రిప్టు రాసుకోడు. వరసగా సన్నివేశాల బొమ్మలు వేసుకుని పెట్టుకోడు. ఒకటి రెండు బొమ్మలతో మొదలుపెడతాడు, మిగతాది నడకలో దొరుకుతుందన్నది ఆయన నమ్మకం. కాగితం నుంచి కెమెరాకి, కెమెరా నుంచి కాగితానికి రోజంతా తిరిగే ఆ తిరుగుడులో చెయ్యి ఒక పని చేస్తుంటే బుర్ర పక్కకి పోతుంది. అలా పక్కకి పోయినప్పుడు తట్టిందే తరవాతి ఫ్రేములో వస్తుంది.

1991 నాటి ‘మైన్’ దీనికి చక్కటి ఉదాహరణ. ఇంగ్లీషులో ఆ మాటకి గని అనీ, నాది అనీ రెండర్థాలు. సోహో ఎక్‌స్టైన్ అనే గనుల యజమాని, సన్నచారల సూటు మనిషి, ఈయన సినిమాల్లో మళ్ళీ మళ్ళీ వస్తుంటాడు. ఇందులో పొద్దున్నే పక్కమీద కూర్చుని ఫలహారం చేస్తుంటాడు. కథని ఆ పడకగదిలోంచి గనిలోకి ఎలా దింపాలో చిత్రకారుడికి తెలియలేదు. ఆ రోజు స్టూడియోలో కాఫీ కెటిల్ ఒకటి ఉంది, గాజు గొట్టంలో జల్లెడ లాంటి బిళ్ళని కడ్డీతో కిందికి నొక్కే రకం. దాన్నే గీశాడు. సోహో కడ్డీ నొక్కుతాడు. బిళ్ళ కాఫీ అడుగుకి చేరి ఆగదు. పళ్ళేన్ని చీల్చుకుని, పరుపుని చీల్చుకుని, భూమిలోకి దిగిపోతుంది. కార్మికులు పడుకునే అరల్ని, వాళ్ళు స్నానాలు చేసే గదుల్ని, రాయిని తొలిచే చోట్లని దాటుకుంటూ గని లిఫ్టు దారి అయిపోతుంది. ఒక మనిషి కాఫీకీ వందల మంది చెమటకీ ఉన్న సంబంధం మీద ఎన్ని వ్యాసాలైనా రాయొచ్చు. ఇక్కడ ఒక్క నిలువు గీత ఆ పని చేసింది. ఆ గీత పుట్టడానికి కారణం ఆ పొద్దున బల్ల మీద ఉన్న వంటింటి సామాను.

తుడుపు మరకకి అసలు బరువు వచ్చింది ‘ఫీలిక్స్ ఇన్ ఎక్సైల్’ లో. 1994 ఏప్రిల్‌లో అందరికీ ఓటు హక్కుతో దక్షిణాఫ్రికాలో మొదటి ఎన్నికలు జరిగాయి. ఈ సినిమా పని దానికి ముందు నెలల్లో నడిచింది. ఫీలిక్స్ అనే మనిషి ఎక్కడో ఒక గదిలో ఒంటరిగా, నగ్నంగా ఉంటాడు. నాండి అనే నల్లజాతి స్త్రీ చేతిలో భూమి కొలిచే పరికరం. ఆమె చూస్తున్న బయలు మీద చచ్చిపడ్డ మనుషులు. వాళ్ళ ఒంటి చుట్టూ ఎర్రటి గీతలు. గాలికి ఎగిరొచ్చిన వార్తాపత్రికలు వాళ్ళని కప్పుతాయి, కాసేపటికి శవం ఒక దిబ్బ, ఇంకాసేపటికి దిబ్బ నేల. ఇదంతా మన కళ్ళముందే, తుడుస్తూ గీస్తూ జరుగుతుంది. శవం పోయింది, కానీ అది ఉన్నచోట కాగితం ఇంకా మసగ్గానే ఉంది. కార్టూను షీట్లతో ఈ సన్నివేశం తీసి ఉంటే నేల శుభ్రంగా కనిపించేది. అప్పుడు అబద్ధమయ్యేది.

జొహానెస్‌బర్గ్ చుట్టూ నేల కూడా అలాంటిదే. బంగారం తీశాక మిగిలిన రాతిపొడి అక్కడ పసుప్పచ్చ దిబ్బలుగా, గుట్టలుగా పేరుకుంది. చుట్టూ ఊరు పెరిగింది. తరవాత కొత్త పద్ధతులొచ్చి, మిగిలిన కాస్త బంగారం కోసం ఆ గుట్టల్నే మళ్ళీ కడిగారు. పిల్లలు పుట్టినప్పటి నుంచీ చూస్తున్న గుట్ట ఒక ఏడాదికి ఉండదు. నేల తన మీద జరిగినదాన్ని తనంతట తాను చెప్పదు. ఆ చదును కింద ఏముందో తెలిసినవాడికి బొగ్గు కంటే నమ్మకమైన సరుకు ఏముంటుంది?

కెంట్రిడ్జ్ 1955లో ఆ ఊళ్ళోనే పుట్టాడు, అక్కడే ఉన్నాడు. తండ్రి సిడ్నీ కెంట్రిడ్జ్ వర్ణవివక్ష కాలంలో పేరుమోసిన న్యాయవాది, మండేలా ముద్దాయిగా ఉన్న దేశద్రోహం కేసులోనూ, ఉద్యమకారుడు స్టీవ్ బీకో మరణ విచారణలోనూ వాదించినవాడు. తల్లి ఫెలీషియా కూడా న్యాయవాదే. కొడుక్కి ఆరేళ్ళప్పుడు నాన్న గదిలో ఒక పసుప్పచ్చ కొడాక్ పెట్టె కనిపించింది. చాక్లెట్లనుకుని తెరిచాడు. లోపల షార్ప్‌విల్ ఫొటోలు. 1960 మార్చి 21న అక్కడ పోలీసులు నిరసనకారుల మీద కాల్పులు జరిపి 69 మందిని చంపారు. ఆ కాల్పుల మీద విచారణ కోసం తండ్రి దగ్గరున్న సాక్ష్యాలవి. ‘ఫీలిక్స్’ లోని శవాల వెనక ఆ పెట్టె ఉందని ఆయన తరవాతెప్పుడో గుర్తుపట్టాడు.

చదువు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయంలో రాజనీతి, ఆఫ్రికా అధ్యయనాలు. తరవాత జొహానెస్‌బర్గ్ ఆర్ట్ ఫౌండేషన్‌లో చిత్రలేఖనం. 1981లో ప్యారిస్ వెళ్ళి జాక్ లెకోక్ నటనా పాఠశాలలో ఒక ఏడాది. నూనె రంగులు అబ్బలేదు. నటుడు కాలేనని ప్యారిస్‌లో తేలిపోయింది. అన్నీ కాకుండా పోగా మిగిలిందే చిత్రకళ అని ఆయన నవ్వుతూ చెప్పుకుంటాడు. అయితే లెకోక్ బడి నేర్పినది వృథా పోలేదు. బరువు ఒంట్లో ఎక్కడి నుంచి ఎక్కడికి జరిగితే అడుగు పడుతుందో తెలియని చెయ్యి, ఆయన సినిమాల్లో కనిపించే నడకల్ని బొగ్గుతో గీయలేదు. 2016లో జొహానెస్‌బర్గ్‌లో ఆయన పెట్టిన ప్రయోగశాలకి ‘సెంటర్ ఫర్ ది లెస్ గుడ్ ఐడియా’ అని పేరు. మంచి వైద్యుడి వల్ల కాకపోతే అంత మంచివాడు కాని వైద్యుడి దగ్గరికి పొమ్మనే స్వానా సామెత దానికి ఆధారం.

రంగస్థలం మీదికి వెళ్ళినా ఆయన తన పనితనాన్ని దాచుకోలేదు. 1997లో హాండ్‌స్ప్రింగ్ బొమ్మలాట బృందంతో కలిసి చేసిన ‘ఊబు అండ్ ది ట్రూత్ కమిషన్’ లో, వర్ణవివక్ష కాలపు దౌర్జన్యాలకి గురైనవాళ్ళ సాక్ష్యాలు చెప్పేవి కొయ్యబొమ్మలు. మన తోలుబొమ్మలాటలో ఆడించేవాళ్ళు తెర వెనక ఉంటారు; ఇక్కడ ఒక్కో బొమ్మ పక్కన ఇద్దరు కళాకారులు అందరికీ కనపడేలా నిలబడి, తామూ దానివైపే చూస్తూ, దాని మాట వింటున్నట్టు ఉంటారు. కొయ్య మీద ఉలి గాట్లు నునుపు చెయ్యకుండా వదిలేశారు. వాటి మీద వెలుతురు పక్కకి జరిగితే మొహంలో భావం మారినట్టుంటుంది. రంగస్థలం మీద ఒక గాజు గది ఉంటుంది. అనువాదకుడు అందులో కూర్చుని సాక్ష్యాన్ని ఇంగ్లీషులో చెబుతాడు. అదే గదిలో హంతకుడు ఊబు రాత్రిళ్ళు స్నానం చేసి ఒంటిమీది ఆనవాళ్ళు కడుక్కుంటాడు. తుడవడం ఇక్కడ నేరం అయింది.

నాకు ఆయన పనుల్లో అన్నిటికంటే ముచ్చటైనది 2007 నాటి ‘వాట్ విల్ కమ్’. ఒక గుండ్రటి బల్ల, దాని నడుమ అద్దంలా మెరిసే ఉక్కు స్తంభం, చెంబు బోర్లించినట్టు. పైనుంచి బల్ల మీద సినిమా పడుతుంది. బల్లకేసి చూస్తే బొమ్మలన్నీ వంకర, సాగదీసినట్టు, అర్థం కావు. స్తంభంలో చూస్తే సరిగ్గా ఉంటాయి. వంపు అద్దం అడ్డంగా ఉన్నదాన్ని కుదిస్తుంది గనక, అందులో తిన్నగా కనపడాల్సిన గీతని కాగితం మీద విల్లులా వంచి గీయాలి. మనిషి తల స్తంభానికి దూరంగా వెడల్పుగా, కాళ్ళు దగ్గరగా ఇరుగ్గా రావాలి. అలా ఒక బొమ్మ గీయడమే కష్టం, ఆయన కదిలే బొమ్మలు గీశాడు, బల్ల చుట్టూ తిరిగేవి. విషయం 1935లో ఇథియోపియా మీద ఇటలీ చేసిన దాడి. ఆ యుద్ధాన్ని నేరుగా చూస్తే వక్రంగానూ, వక్రమైన అద్దంలో చూస్తే సవ్యంగానూ ఎందుకు కనిపించాలో ఆయన ఎక్కడా వివరించడు. బల్ల చుట్టూ రెండు మూడుసార్లు తిరిగితే మెడ తనే అద్దం నుంచి బల్లకీ, బల్ల నుంచి అద్దానికీ పరిగెడుతుంది.

పనులు పెద్దవవుతున్న కొద్దీ నాకు కొంచెం అనుమానం మొదలైందని ఒప్పుకోవాలి. 2012లో జర్మనీలోని కాసెల్‌లో, రైల్వే స్టేషను భవనంలో పెట్టిన ‘ది రెఫ్యూజల్ ఆఫ్ టైమ్’ లో ఒకేసారి ఐదు చోట్ల సినిమా, మైకుల గొట్టాలు, ఫిలిప్ మిల్లర్ సంగీతం, డాడా మసీలో నృత్యం. సైన్సు చరిత్రకారుడు పీటర్ గాలిసన్‌తో మాటల్లో పుట్టిన పని అది. కళ్ళు ఎటు పెట్టాలో తెలియదు. కానీ గది మధ్యలో ఒక చెక్క యంత్రం ఉంది, కొలిమి తిత్తిలా లోపలికీ బయటికీ ఊపిరి పీలుస్తూ. 19వ శతాబ్దం చివర్లో ప్యారిస్ వీధుల కింద గొట్టాల ద్వారా గాలి పంపి, ఊళ్ళో గడియారాలన్నీ ఒకేసారి కదిలేలా చేసేవాళ్ళు. ఆ ఊపిరే ఈ యంత్రం. చుట్టూ ఎంత గోలగా ఉన్నా దాని కడ్డీల మందకొడి కదలికని చూస్తూ నిలబడిపోవచ్చు. 2015 నాటి ‘మోర్ స్వీట్లీ ప్లే ది డాన్స్’ ని కొచ్చి బినాలేలో మనవాళ్ళు కొందరు చూసే ఉంటారు. ఎనిమిది తెరల మీద, ఒక తెర అంచులోంచి పక్క తెరలోకి నడుచుకుంటూ పోయే ఊరేగింపు అది. నడిచేవాళ్ళు నిజం మనుషులు, వాళ్ళ వెనక బయలు మాత్రం బొగ్గుతో గీసినదే.

2016 ఏప్రిల్‌లో రోములో జరిగింది ఇంకో సంగతి. 1870 వరద తరవాత టైబర్ నది ఒడ్డున ఎత్తయిన రాతి గోడలు కట్టారు. కాలక్రమంలో వాటిమీద పొగ, నాచు, మట్టి పేరుకుని నల్లగా అయ్యాయి. పోంటే సిస్టో, పోంటే మజ్జీని వంతెనల మధ్య సుమారు 550 మీటర్ల పొడవున ఆ గోడ మీద కెంట్రిడ్జ్ 80కి పైగా ఆకారాలతో ఊరేగింపు వేశాడు. కొన్ని 10 మీటర్ల ఎత్తు. చుక్క రంగు వాడలేదు. స్టూడియోలో బొగ్గుతో గీసినవాటిని పెద్దవి చేసి, ఆ ఆకారంలో కత్తిరించిన ప్లాస్టిక్ షీట్లు గోడకి ఆనించి, చుట్టూ ఒత్తిడితో నీళ్ళు కొట్టించాడు. నీళ్ళు తగిలినచోట మురికి పోయి తెల్లరాయి బయటపడింది. షీటు కింద దాక్కున్న మురికి అలాగే ఉండిపోయి గుర్రమైంది, ఆడతోడేలైంది, మూటలు మోసుకుపోయే మనుషులైంది. కాగితం మీద ఆయన బొమ్మని తుడిచి చుట్టూ ఉన్నదాన్ని వదిలేవాడు. ఇక్కడ చుట్టూ ఉన్నదాన్ని తుడిచి బొమ్మని వదిలాడు.

షీట్లు తీశాక గోడకి ఎవరూ పూత వెయ్యలేదు. మళ్ళీ పొగ పడుతుందని, నాచు పడుతుందని, కడిగినచోటు నల్లబడి కొన్నేళ్ళలో బొమ్మా గోడా ఒకటే రంగుకి వస్తాయని పని మొదలుపెట్టినప్పుడే అందరికీ తెలుసు. ఊరేగింపు అంచులు అప్పటి నుంచీ ఏటేటా కాస్త కాస్త గోడలో కలుస్తున్నాయి.